మరణ సమయంలో హాజరు

నాగులరేవు ఏరియా ఆసుపత్రిలో జనం మామూలుకంటే ఎక్కువగా చనిపోతున్నారన్న సంగతి ఆ వేసవిలో ప్రభుత్వం దృష్టికి వచ్చింది. జనం దృష్టికి అది చాలాకాలం ముందే వచ్చింది గాని, జనం దృష్టికి వచ్చినవాటిని దస్త్రాల్లోకి ఎక్కించే పద్ధతి లేదు.

ప్రభుత్వం చలించింది. చలించినప్పుడల్లా చేసే పనే చేసి, ముగ్గురు సభ్యులతో విచారణ సంఘాన్ని వేసింది. "సదరు మరణములు సిబ్బంది కొరత వలననా, నిర్లక్ష్యము వలననా, లేక ఉద్దేశపూర్వక హాని వలననా అను అంశమును నిగ్గుదేల్చి, పై మూడింటిలో ఏదేని ఒకదానిని మాత్రమే ఖరారు చేయవలెను" అని ఉత్తర్వు.

ఆ సంఘంలో స్థానిక సభ్యుడుగా పడ్డవాడు డాక్టర్ కనకారావు. ఆయన చర్మవ్యాధుల వైద్యుడు. తామరతో చచ్చిపోయినవాడు లేడు, గజ్జి పూర్తిగా పోయినవాడూ లేడు. అందువల్ల ఆయన సర్వీసంతా ఎవరి శాపనార్థాలూ తగలకుండా గడిచిపోయింది. సూపరింటెండెంటుగా వచ్చినవాళ్ళు వచ్చినట్టే సెలవు పెట్టి వెళ్ళిపోతుంటే, మిగిలినవాళ్ళలో సీనియరన్న ఒకే ఒక్క దోషానికి ఆ కుర్చీ ఆయన కిందికి వచ్చింది. మనిషి మెత్తన. చావంటే భయం. మెడికల్ వార్డు మీదుగా వెళితే ఆఫీసు దగ్గరే అయినా, ఆయన రోజూ క్యాంటీను చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. అడిగినవాళ్ళకు నడక ఆరోగ్యానికి మంచిదని చెప్పేవాడు.

సంఘానికి అధ్యక్షుడు త్రివిక్రమరావుగారు. పెద్ద హోదాలో రిటైరై, విచారణ సంఘాల్లో స్థిరపడ్డ మనిషి. రేవులో జనాన్ని దాటించే పంటు మునిగినప్పుడు నది నిర్ణీత లోతును ఉల్లంఘించిందని తేల్చిందీ, గోదాములో బియ్యం మాయమైనప్పుడు ఎలుకల మీద తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేసిందీ ఆయనే. రెండో సభ్యుడు వాచస్పతిగారు యూనివర్సిటీలో గణాంకశాస్త్రం చెప్పే ఆచార్యుడు. ఆయన మనుషులతో తక్కువగా, పట్టికలతో ఎక్కువగా మాట్లాడతాడు.

మొదటిరోజు ఉత్తర్వు చదివి కనకారావు ఒక సందేహం వెలిబుచ్చాడు.

"ఇందులో జబ్బు వల్ల అన్న మాట లేదండి."

త్రివిక్రమరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "డాక్టరుగారూ, జబ్బు వల్ల చనిపోవడం సహజం. సహజమైనదానికి సంఘం ఎందుకు?"

సంఘానికి గది కావాలి. ఫ్యాను తిరిగే గది నర్సుల విశ్రాంతి గది ఒక్కటే గనక అది ఇచ్చారు. సంఘానికి సిబ్బంది కావాలి. కేసు షీట్లు వరసగా అందించి చదివి వినిపించడానికి ఒక నర్సు, గంట గంటకూ అధ్యక్షులవారి బీపీ చూడడానికి ఒక నర్సు కావలసి వచ్చారు. ఇద్దరినీ మెడికల్ వార్డు నుంచి తెచ్చారు. వార్డులో హెడ్ నర్సు ఎస్తేరు రాణి మిగిలింది.

ఎస్తేరు రాణికి యాభై దాటాయి. మోకాళ్ళ నొప్పులు. పొద్దున వార్డులోకి వస్తే ఎప్పుడు బయటికి వెళుతుందో ఆవిడకే తెలియదు. కోపం వస్తే రోగుల్ని తిడుతుంది, ఆ తరువాత వాళ్ళ తలగడ సర్దుతుంది. ఇద్దరు నర్సులూ వెళ్ళిపోతుంటే కనకారావు దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, వార్డులో చావులెందుకని చూడ్డానికి వార్డులో ఉన్నోళ్ళని తీసుకెళ్తే ఎలాగండి?"

"నాలుగు రోజులే సిస్టర్. సంఘం కదా, కాదనలేం."

"అంతేలెండి," అని ఆవిడ వెళ్ళిపోయింది. ఆ 'అంతేలెండి' కనకారావుకు మధ్యాహ్నం భోజనం దాకా చెవిలో ఉండిపోయింది.

*

విచారణ సిబ్బంది కొరతతో మొదలైంది.

"వార్డుకు మంజూరైన నర్సు పోస్టులు ఉన్నాయా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఉన్నాయండి. మనుషులు లేరు," అన్నాడు కనకారావు.

"పోస్టులు రద్దయ్యాయా?"

"లేదండి. ఎప్పటినుంచో భర్తీ కాలేదు."

"భర్తీ కాలేదు అనరాదు. భర్తీ పురోగతిలో ఉంది అనాలి. పురోగతి ఉన్నచోట కొరత ఎలా ఉంటుంది? పైగా ఆలోచించండి. కొరత ఉందంటే తప్పు ఎవరిదవుతుంది? భర్తీ చేయవలసినవారిది. మనల్ని నియమించిందెవరు? వారే. నియమించినవారిని తప్పుపట్టే అధికారం నియమితులకు ఎక్కడిది?"

 కనకారావుకు జవాబులు ఎప్పుడూ ఇంటికి వెళ్ళాకే తోచేవి. కొరత కొట్టివేయబడింది.

మరునాడు నిర్లక్ష్యం. ఇది ఇంకా తొందరగా తేలింది. నిర్లక్ష్యం చేయాలంటే చేసే మనిషి ఉండాలి. కేసు షీట్లు తిరగేస్తే చాలాసార్లు డాక్టరు కుర్చీలో డాక్టరే లేడు.

"ఖాళీ కుర్చీకి శ్రద్ధ ఉండదు. శ్రద్ధ లేనిదానికి అశ్రద్ధ అంటగట్టడం న్యాయసమ్మతం కాదు," అని అధ్యక్షుడు చెబుతుంటే ఒక నర్సు రాసుకుంది, ఇంకో నర్సు బీపీ చూసింది. బీపీ భేషుగ్గా ఉంది.

అలా మొదటి రెండూ పోయేసరికి మూడోది ఒక్కటే మిగిలింది. అందరూ కాసేపు దాని మొహం చూస్తూ కూర్చున్నారు.

"ఉద్దేశపూర్వక హాని," అన్నాడు అధ్యక్షుడు, కొంచెం విచారంగా. "మనం కోరుకున్నది కాదు. తర్కం తీసుకొచ్చింది."

అప్పుడు వాచస్పతిగారు పట్టిక విప్పాడు. మరణాలు నిలువుగా, సిబ్బంది అడ్డంగా. ఎవరు చనిపోయినప్పుడు ఎవరు వార్డులో ఉన్నారో అక్కడ ఒక చుక్క. డాక్టర్ల గడులు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక్క పేరుకు ఎదురుగా మాత్రం చుక్కలు చీమలబారులా సాగాయి.

"ఎస్తేరు రాణి," అన్నాడు ఆయన. "ప్రతి మరణ సమయంలోనూ ఈవిడ హాజరు. యాదృచ్ఛికంగా ఇలా జరిగే అవకాశం దాదాపు శూన్యం."

కనకారావుకు మొదటిసారి జవాబు అక్కడికక్కడే తోచింది. "ఎవరూ చనిపోనప్పుడు కూడా వార్డులో ఉన్నది ఆవిడేనండి. మిగతా ఇద్దరూ వంతులు మారతారు, ఆవిడ మారదు."

"ఎవరూ చనిపోని సమయాలు మన పరిధిలోకి రావు," అన్నాడు అధ్యక్షుడు.

ఆవిడను పిలిచారు. చేతిలో సిరంజి ట్రే పట్టుకునే వచ్చింది.

"ఇన్ని మరణాల సమయంలో మీరు అక్కడ ఎందుకు ఉన్నారు?"

"డ్యూటీ అండి."

"ఒక్కసారి కూడా లేకుండా పోలేదే?"

"అలాంటప్పుడు వదిలేసి ఎలా వెళ్తామండి? ఆయాసపడతా చెయ్యి పట్టుకుంటారు. ఇడిపించుకుని పోమంటారా?"

"చేతులు పట్టుకునుట ఒప్పుకొనినది," అని రాయించాడు అధ్యక్షుడు.

ఆవిడ మొహం మాడిపోయింది. కనకారావు వైపు చూసింది. ఆయన బల్ల మీద గీతల్ని చూస్తున్నాడు. ఆ గీతల్లో అంత చూడవలసిందేమీ లేదు. "నా ఇంజెక్షన్లు ఆలస్యమైపోతన్నాయి," అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

ఆవిడను సస్పెండు చేయాలంటే బదులుగా ఇంకొకరు చార్జి తీసుకోవాలి. ఇంకొకరు పురోగతిలో ఉన్నారు. అందుచేత మధ్యంతర ఉత్తర్వు ఒకటి జారీ అయింది. మరణ సమయంలో సమీపాన ఉండుట అనుమానాస్పదం గనక, మరణించు సూచనలున్న రోగి వద్దకు సిబ్బంది గాని, బంధువులు గాని, ఇతరులు గాని ఒంటరిగా వెళ్ళరాదు.

ఉత్తర్వు గోడకు అంటించిన నాటి నుంచి ఆసుపత్రిలో ఒక కొత్త జాగ్రత్త వచ్చింది. తుడిచేవాళ్ళు చీపురు గుమ్మంలో పెట్టి, "ఈ వరసలో పోయేవాళ్ళెవరైనా ఉన్నారా అండి?" అని అడిగి మరీ లోపలికి వచ్చేవారు. ప్రార్థనకు వచ్చే పాస్టరుగారు కిటికీ అవతల నిలబడి ప్రార్థించేవాడు. దేవుడికి ఎలాగూ వినబడుతుందన్నాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళవలసిన ఒక ముసలాయన్ని ఎక్కించుకున్న అంబులెన్సు డ్రైవరు, దారిలో ఆయన ఎగశ్వాస చూసి బండి ఆపి, కిందికి దిగి, రోడ్డుకు అవతల వైపున వెళ్ళి నిలబడ్డాడు. ముసలాయనే లేచి కూర్చుని, "ఏరా, పోదామా వద్దా?" అని కేకేశాడట.

రోగులు కూడా నేర్చుకున్నారు. పక్కమంచం మీదివాడు గట్టిగా దగ్గితే ఇవతలి మంచం మీదివాడు సెలైను స్టాండుతో సహా వరండాలోకి వెళ్ళిపోయేవాడు.

ఎస్తేరు రాణి మాత్రం ఉత్తర్వు చదవలేదు. కళ్ళజోడు విరిగిందని చెప్పింది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

*

నివేదిక మీద సంతకాలు పెట్టే రోజు వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అధ్యక్షుడు సంతకం చేశాడు, వాచస్పతిగారు చేశాడు. కనకారావు కలం పట్టుకుని, చివరి పేరా మళ్ళీ చదువుతున్నట్టు కూర్చున్నాడు. ఆ పేరాలో ఎస్తేరు రాణి పేరు ఉంది. ఆ తరువాత పోలీసుల ప్రస్తావన ఉంది.

అప్పుడు మెడికల్ వార్డు నుంచి కేక వినిపించింది. "సార్, ఒక చెయ్యి కావాలి."

 నర్సులిద్దరూ అధ్యక్షుడి వైపు చూశారు. అధ్యక్షుడు గోడ మీది ఉత్తర్వు వైపు చూశాడు. మళ్ళీ కేక. ఈసారి 'సార్' అని కూడా లేదు. "ఎవరన్నా రండి."

కనకారావు ఎలా లేచాడో ఆయనకే తెలియదు. క్యాంటీను వైపు రెండడుగులు వేసి, అలవాటులో పడ్డానని గ్రహించి వెనక్కి తిరిగాడు. కలం చేతిలోనే ఉంది.

వార్డులో తలుపు పక్క మంచం మీద పాతికేళ్ళ మనిషి. పేరు అప్పాయమ్మ. పశువుకు గడ్డి లాగుతుంటే వామిలో తాచుపాము కరిచింది. మొగుడు ఇటుకబట్టీ పనికి వేరే ఊరు పోయాడు. ముసలి అత్తగారు ఆటోలో వేసుకొచ్చింది. క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరు పాముకాటు మందు ఎక్కించడం మొదలుపెట్టి, ఆటో బోల్తాపడి వచ్చినవాళ్ళ దగ్గరికి పరుగెత్తాడు. విషం ఒళ్ళంతా పాకి, అప్పాయమ్మకు ఊపిరి తీసుకునే సత్తువ పోయింది. ఆసుపత్రిలో వెంటిలేటరు ఉంది. దాన్ని నడిపేవాడి పోస్టు పురోగతిలో ఉంది. ఎస్తేరు రాణి రోగి ముక్కూ నోరూ కప్పేలా మాస్కు అదిమిపట్టి, దానికి తగిలించిన రబ్బరు సంచిని నొక్కుతూ గాలి పంపిస్తోంది. వెనక మందు సీసా ఖాళీ కావస్తోంది.

"నేను ఇది ఇడిస్తే పిల్ల పోద్దండి. ఇడవకపోతే మందు మార్చేవాళ్ళు లేరు. మీరు పట్టుకోండి."

"నేను చర్మం డాక్టర్ని సిస్టర్."

"అదీ చర్మం లాంటిదేనండి, రబ్బరు. నొక్కండి."

కనకారావు కలం జేబులో పెట్టి నొక్కాడు. అప్పాయమ్మ ఛాతీ లేచింది. వదిలితే దిగింది. ఇన్నేళ్ళ సర్వీసులో తన చేతికింద ఒక మనిషి ప్రాణం ఇలా పైకీ కిందికీ ఆడడం ఆయన ఎప్పుడూ చూడలేదు. భయం వేసింది గాని, భయపడడానికి చెయ్యి ఖాళీ లేదు.

గుమ్మంలో కూలబడ్డ అత్తగారు అడిగింది. "బాబూ, పిల్ల కళ్ళు తెరుత్తాదాండి?"

"తెరుస్తుందమ్మా," అన్నాడు కనకారావు. అలా చెప్పే అధికారం తనకు ఉందో లేదో ఆలోచించలేదు.

చాలాసేపటికి ఆయన వేళ్ళు కొయ్యబారిపోయాయి.  అదే సమయానికి త్రివిక్రమరావుగారు నివేదిక పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. వెనక వాచస్పతిగారు.

"డాక్టరుగారూ, ఒక్క సంతకం. నాకు సాయంత్రం రైలుంది."

"చెయ్యి ఖాళీ లేదండి. మీరు ఇది పట్టుకుంటే చేస్తాను."

అధ్యక్షుడు ఆ మాటలో తర్కాన్ని కాదనలేకపోయాడు. నివేదిక వాచస్పతిగారికి ఇచ్చి, ఉత్తరీయం సర్దుకుని సంచి పట్టుకున్నాడు. కనకారావు చేతులు విదిలించుకుని పక్కనున్న ఖాళీ స్టూలు మీద కూలబడ్డాడు. సంతకం మాట ఎత్తలేదు.

"చేశారా?" అన్నాడు అధ్యక్షుడు నొక్కుతూ.

"వేళ్ళు వంగడం లేదండి."

"అయితే ఇది తీసుకోండి."

"వేళ్ళు వంగడం లేదండి."

అధ్యక్షుడి నుదుటి మీద చెమట పట్టింది. "మరి నేను వదిలేస్తే?"

"అది నిర్లక్ష్యమండి," అన్నాడు కనకారావు. ఆ మాట నెమ్మదిగా, బాధగానే అన్నాడు.

"చనిపోతుందని తెలిసీ వదిలేస్తే ఉద్దేశపూర్వకం అవుతుంది," అన్నాడు వాచస్పతిగారు. శాస్త్రం కనుక ఆపుకోలేకపోయాడు.

"మరి నన్ను విడిపించడానికి ఇంకో మనిషి లేడా?"

 అధ్యక్షుడే ఆ ప్రశ్న కాసేపు గాల్లో వేలాడడం చూశాడు. దానికి జవాబుగా ఒక్క మాట ఉంది. ఆ మాటను మొన్ననే ఆయన కొట్టివేశాడు.

"ఆ పిల్లలిద్దర్నీ పిలవండి," అన్నాడు చివరికి. "బీపీ తరువాత చూడొచ్చు."

"వాళ్ళని క్యాజువాలిటీలో కట్లు కట్టడానికి లాక్కుపోయారండి," అంది ఎస్తేరు రాణి మందు మారుస్తూ. "అరగంటలో ఒకత్తొస్తాది. నొక్కండి."

"ఎంత వేగంతో నొక్కాలి? దానికి ప్రమాణం ఏమిటి?"

"మాటలాపి నొక్కండి బాబూ," అంది గుమ్మంలోంచి అత్తగారు.

ఆయనను అలా ఆజ్ఞాపించినవాళ్ళు పదవిలో ఉండగా కూడా లేరు. నొక్కాడు. వాచస్పతిగారు పట్టికను మంచం కింద పెట్టి, గడియారం చూస్తూ లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. "ఇప్పుడు. ఆగండి. ఇప్పుడు." లెక్క తప్పకుండా చెప్పడంలో ఆయనంతటివాడు లేడు. ఒక నర్సు వచ్చింది, తరువాత రెండోది వచ్చింది. మళ్ళీ కనకారావు. అలా చేతులు మారుతూ వెళ్ళాయి. అధ్యక్షుడి రైలు ఆయన లేకుండానే వెళ్ళింది.

ఎండ దిగేవేళకు అప్పాయమ్మ కనురెప్పలు అదిరాయి. తరువాత ఛాతీ తనంతట తాను, నొక్కకుండానే, ఒకసారి లేచింది. అందరూ ఆగి చూశారు. మళ్ళీ లేచింది. ఎస్తేరు రాణి మాస్కు కొంచెం పైకెత్తి, ఇంకాస్త చూసి, తీసి పక్కన పెట్టింది.

"మీరు ముగ్గురూ వెళ్ళి టీ తాగండి," అంది. అధ్యక్షుడు సరేనండి అన్నాడు.

ఆ రోజే ఆయన నివేదికలో చివరి పేరా కొట్టేశాడు. కుడిచెయ్యి వాచి ఉన్నందున ఎడమచేత్తో, వంకర అక్షరాలతో 'సిబ్బంది కొరత' అని రాశాడు. కనకారావు ఆ కింద సంతకం చేశాడు. అప్పటికి ఆయన వేళ్ళు బాగానే వంగుతున్నాయి.

*

ప్రభుత్వం నివేదికను కూలంకషంగా పరిశీలించింది. జవాబు నెలరోజుల్లోపే వచ్చింది.

"సదరు పాముకాటు రోగి వద్ద ఒకే సమయమున ఒక వైద్యుడు, ముగ్గురు నర్సులు, ఇద్దరు ఉన్నత విద్యావంతులు సేవలందించినట్లు నివేదిక ద్వారానే స్పష్టమగుచున్నది. ఒక్క రోగికి ఆరుగురు ఉండగా కొరత అనుట సత్యదూరము. ఇది మిగులు. కావున మిగులు సిబ్బందియగు ఇరువురు నర్సులను తక్షణము అవసరమున్న చోటికి బదిలీ చేయడమైనది." అధ్యక్షులవారు విచారణాంశమును స్వహస్తములతో తాకి నిష్పాక్షికత కోల్పోయినందున ఇకపై వారి సేవలు వినియోగించరని ఇంకో పేరా ఉంది. మరణములకు కారణము తేల్చుటకు మరో సంఘం వస్తుందని చివరి పేరా.

కనకారావు ఆ కాగితం పట్టుకుని మెడికల్ వార్డుకు వెళ్ళాడు. ఎస్తేరు రాణి నిలబడే చదివింది. ఈసారి కళ్ళజోడు పనిచేసింది.

"అంతేలెండి," అంది.

మర్నాడు పొద్దున చర్మవ్యాధుల గదిలోంచి ఒక బల్లా ఒక కుర్చీ బయలుదేరి, మెడికల్ వార్డులో మంచాల వరసల మధ్య స్థిరపడ్డాయి. తామరవాళ్ళూ గజ్జివాళ్ళూ వార్డు గుమ్మంలో క్యూ కట్టారు. కనకారావు వాళ్ళను చూస్తూనే మధ్యమధ్య లేచి ఒకరి నాడి పట్టుకునేవాడు, ఒకరి సెలైను ఆపేవాడు. తెలియనివి ఎస్తేరు రాణిని అడిగేవాడు. తెలిసినవి కూడా ఒకసారి అడిగేవాడు. గజ్జి రోగులు గోక్కుంటూనే పక్కమంచం ముసలివాళ్ళకు మంచినీళ్ళు అందించేవారు. చర్మం డాక్టరుకు మెడికల్ వార్డులో ఏం పని అని పైనుంచి ఒక మెమో వచ్చింది. అలాంటివే ఇంకో రెండు వచ్చాయి. అన్నిటికీ ఆయన ఒకటే సమాధానం పంపాడు, తన గదిలో ఫ్యాను పాడైందని.

వానాకాలం మొదట్లో సింహాచలం అనే రిటైర్డు బస్సు కండక్టరు వార్డులో చేరాడు. గుండె పూర్తిగా దెబ్బతింది. పెద్దాసుపత్రివాళ్ళే ఇక లాభం లేదని పంపేశారు. నా అన్నవాళ్ళు లేరు. చెయ్యగలిగినదంతా చేశారు. ఒక మధ్యాహ్నం, బయట జల్లు పడుతుంటే, ఆయన ఊపిరి దూరమవడం మొదలైంది. వేళ్ళు దుప్పటి మీద దేనికోసమో వెతుకుతున్నాయి.

కొత్త సంఘం అప్పటికి వచ్చి నర్సుల విశ్రాంతి గదిలో కూర్చుని ఉంది. వాళ్ళ దగ్గర కొత్త పట్టిక ఉంది.

ఎస్తేరు రాణి మంచానికి ఒక పక్కన నిలబడింది. ఇంకో పక్కన కనకారావు వచ్చి నిలబడ్డాడు.

"మీరెళ్ళిపోండి సార్," అంది ఆవిడ మెల్లగా. "మీ పేరు పడిపోద్ది. నాకంటే అలవాటే."

"పడనీండి."

"సర్వీసు అయిపోయే ముందు ఎందుకండి ఇదంతా?"

 కనకారావు కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుని, దుప్పటి మీద తడుముకుంటున్న ఆ చేతికి తన చెయ్యి అందించాడు. ముసలాయన దాన్ని గట్టిగానే పట్టుకున్నాడు.